ఇంట్లో కాసిన తప్పులు

మా మేనత్త జీవితంలో దేన్నీ తప్పుగా అర్థం చేసుకోలేదు. ఆవిడ కష్టాలన్నీ అక్కడే మొదలయ్యాయి.

ఆవిడ హైస్కూల్లో భాష చెప్పేది. చదివింది పిల్లలకి అర్థమైందో లేదో పట్టుకోవడంలో ఆవిడని మించినవాళ్లు లేరని పేరు. ఏ పిల్లైనా లేచి పాఠం గడగడా చదివేస్తే మిగతా టీచర్లు శభాష్ అనేవారు. మా అత్త మాత్రం పుస్తకం మూయించి, "ఇప్పుడు చెప్పు, ఆ ముసలాయన గుమ్మం దాకా వచ్చి ఎందుకు వెనక్కి తిరిగాడు?" అని అడిగేది. పిల్ల గుడ్లు తేలేసేది. "నీ నోరు చదివింది, నువ్వు చదవలేదు. కూర్చో" అనేది.

సరిగ్గా చెప్పినవాళ్లనీ మెచ్చుకున్న పాపాన పోలేదు. "ఊఁ" అని తర్వాతివాళ్ల వైపు తిరిగేది. పిల్లలు ఆవిడకి "పైవేవీ కావు" అని పేరు పెట్టారు, ప్రశ్నల కింద ఆఖరున ఉండే ఆప్షన్ లాగా. వరండాలో చెప్పుల చప్పుడు వినపడితే, "ఒరేయ్, పైవేవీ కావు వస్తోందిరోయ్" అని సర్దుకుని కూర్చునేవారట. ఆ సంగతి ఆవిడకి తెలుసు. "వాళ్లు పెట్టిన పేర్లలో బుర్ర వాడి పెట్టింది అదొక్కటే" అంది ఒకసారి నాతో.

స్కూలుతో పాటు ఆవిడకి ఇంకో పని ఉండేది. స్కూలు ఆఖరి పరీక్షలు పెట్టే ఆఫీసు కోసం పేరాలు రాసేది. చిన్న కథలాంటి పేరా ఒకటి, దాని కింద ప్రశ్నలు, ఒక్కో ప్రశ్న కింద ఒక ఒప్పు, మిగతావి తప్పులు. ఒప్పు ఎవరైనా రాస్తారు, విద్యంతా తప్పు రాయడంలోనే ఉందనేది అత్త. తప్పు మరీ తప్పులా కనపడితే ఏ పిల్లా దాన్ని ముట్టుకోదు. చదివి అర్థం చేసుకోని పిల్ల "ఇదే, ఇదే" అని ఎగబడి టిక్కు పెట్టాలి. అలాంటి తప్పు దొరికితేనే అర్థమైనవాళ్లెవరో, కానివాళ్లెవరో తేలుతుంది.

ఉద్యోగంలో ఉన్నంతకాలం తప్పులకి లోటు లేదు. క్లాసులో పిల్లలు రాసిన జవాబుల్లోంచే ఏరుకునేది. రిటైరయ్యాక ఆ పంట ఆగిపోయింది. సొంతంగా తప్పులు ఊహించి రాద్దామని కూర్చుంటే ఒక్కటీ వచ్చేది కాదు. పేరా చదవగానే ఒప్పు ఎదురుగా వచ్చి నిలబడేది. అర్థం కానివాడి బుర్ర ఎటు పోతుందో ఆవిడ బుర్రకి అందేది కాదు. ఎలాగో రాసి పంపితే ఆఫీసు నుంచి అక్కడి పెద్దాయన ఫోన్ చేశాడు. "మేడం, ఏమీ అనుకోకండి. ఈ తప్పులు ఏ పిల్లా చెయ్యదండీ" అన్నాడు. అత్త ఫోన్ పెట్టేసి, అన్నం కలుపుకున్న కంచం అలాగే వదిలేసి లేచిపోయింది.

అప్పటికి నేను ఆ ఇంటికి వచ్చేశాను. మా నాన్న అత్తకి తమ్ముడు. ఆయన మంచాన పడ్డాక నా చదువు ఆగిపోయింది, ఆయన పోయాక అత్త తెచ్చి తన దగ్గర పెట్టుకుంది. వంటా, ఇస్త్రీ నావి. నేను మాట్లాడేది తక్కువ. అందుకని ఆ ఇంట్లో నా ఎదుట అందరూ అన్నీ మాట్లాడుకునేవారు. గోడకి చెవులుంటాయంటారు గానీ ఆ మాట గుర్తుపెట్టుకునేవాళ్లు ఎవరూ లేరు.

అత్తకి ఒక్కడే కొడుకు, నాకు బావ. డ్రైవింగ్ స్కూలు నడుపుతాడు. పక్క సీట్లో కూర్చుని, తన కాలి కింద ఇంకో బ్రేకు పెట్టుకుని, నేర్చుకునేవాళ్ల మీద కేకలేసి బతికే మనిషి. ఇంటికొచ్చాక కూడా ఆ కాలు బ్రేకు మీదే ఉండేది. మనం ఒక మాట మొదలుపెడితే అది సగం దూరం పోయేలోపు తొక్కేసేవాడు.

బావ పెళ్లాన్ని నేను అక్కా అనే పిలిచేదాన్ని. అక్క చదువు కూడా నా చదువులాగే మధ్యలో ఆగింది. కానీ మేమిద్దరం ఒక పోలిక కాదు. అక్క వసపిట్ట. కూరగాయలతో మాట్లాడేది, ఆరేసిన బట్టలతో మాట్లాడేది. ఒకసారి మేం ఉండే బిల్డింగులో లిఫ్టు చెడిపోయింది. అసౌకర్యానికి చింతిస్తున్నాం అని కింద కాగితం అంటించారు. అక్క దాన్ని చదివి, మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చింది. "పాపం అత్తయ్యా, లిఫ్టులో ఎవరికో ఏదో అయినట్టుంది. చింతిస్తున్నాం అని రాసి పెట్టారు" అంది.

బావ పొట్ట పట్టుకుని నవ్వాడు. "చదవేస్తే ఉన్న మతి పోయిందట! చేసుకున్నందుకు నాకు చింతే!"

అత్త నవ్వలేదు. అక్క మొహం వంక చూస్తూ ఉండిపోయింది. కొట్లో ఎక్కడో ఎప్పటినుంచో వెతుకుతున్న సామాను కంటపడితే మనిషి చూసే చూపు అది. "అమ్మాయ్, రేపు వంటయ్యాక ఇలా వచ్చి నా దగ్గర కూర్చో" అంది.

అక్కకి ఒక కోరిక ఉండేది. నర్సు కోర్సులో చేరాలి. దానికి స్కూలు ఆఖరి పరీక్ష పాసై ఉండాలి, వయసు ఒక హద్దు దాటకూడదు. పెళ్లి మాటల్లో బావ సరేనన్నాడు గానీ ఏటికేడు జరుపుతూ వచ్చాడు. చివరికి అత్తే, "రాయనీరా" అంది. "ఒక్కసారే" అన్నాడు బావ. "పాసైతే నీ కోర్సు. తప్పితే వచ్చి నా ఆఫీసులో ఫోన్లెత్తు. మళ్లీ ఈ మాట ఎత్తావంటే మర్యాద దక్కదు." అక్కకి అదే ఆఖరి ఏడు కూడా. అది దాటితే వయసు దాటిపోతుంది. లెక్కలూ, సైన్సూ తనే కిందామీదా పడి చదువుకునేది. చదివి అర్థం చేసుకుని జవాబు రాసే పేపరంటేనే భయం. దానికి అత్త ఉందిగా అని ధైర్యం.

ముందు గదిలో కిటికీ పక్కన చిన్న బల్ల, రెండు కుర్చీలు. రోజూ అక్కడే కూర్చునేవారు. అత్త చేతిలో కలం, ముందర పాత జవాబు పత్రాల వెనకవైపు తెల్లకాగితాలు. అక్క పేరా పైకి చదివేది, అత్త ప్రశ్న అడిగేది. నేను టీ ఇచ్చి అక్కడే బట్టలు మడత పెడుతూ ఉండేదాన్ని.

మొదటి రోజు పేరా గడియారాలు బాగుచేసే ముసలాయన గురించి. దుకాణం గోడనిండా గడియారాలు, ఏ రెండూ ఒకే టైము చూపించవు. ఒకాయన వచ్చి ఇదేమిటని అడుగుతాడు. "అన్నీ ఒక్కసారే గంట కొడితే దేని గుండె నీరసంగా కొట్టుకుంటోందో నాకెలా వినపడుతుందయ్యా" అంటాడు ముసలాయన.

"ఆయన గడియారాలన్నిటికీ వేరువేరు టైములు ఎందుకు పెట్టాడు?" అంది అత్త.

అక్క బుగ్గ మీద వేలు పెట్టుకుని ఆలోచించింది. "ఆలస్యం అయిందని ఆయన్ని ఎవరూ తిట్టకుండా ఉండటానికి."

అత్త కలం ఆగింది. "ఏమన్నావ్? ఇంకోసారి చెప్పు."

"తిడదామని వచ్చినవాడు గోడవైపు చూస్తాడు కదా అత్తయ్యా. ఒక గడియారం ఆలస్యమైందంటుంది, ఇంకోటి ఇంకా టైముందంటుంది. వాడింకేం తిడతాడు?"

అత్త నవ్వింది. ఆవిడ పళ్లు నేను అప్పుడే సరిగ్గా చూశాను. ఆ మాటని కాగితం మీద ముత్యాల్లా రాసుకుంది. తన టీ కప్పు అక్క ముందుకి జరిపి, "తాగు, నోరెండిపోయి ఉంటుంది" అంది. అక్క నావైపు చూసి కన్ను గీటింది.

ఇంకోరోజు బస్సులో ముసలావిడ కథ. ఆవిడ రెండు చేతుల్లో నారుమొక్కల ట్రే ఉంటుంది. ఒక అమ్మాయి లేచి సీటిస్తే, ఆవిడ మొక్కల్ని సీటు మీద పెట్టి తను నిలబడుతుంది. ఎందుకు కూర్చోలేదు? మొక్కలు నలగకుండా అని నేను కూడా లోపల అనుకున్నాను.

"కూర్చుంటే దిగేదాకా ఆ పిల్లకి రుణపడి ఉండాలి కదా అత్తయ్యా" అంది అక్క. "వాళ్ల దయ మీద కూర్చునే కంటే నిలబడటమే నయం."

ఈ మాట అన్నప్పుడు అక్క బల్లవైపు చూస్తోంది. అత్త రాసుకుంటోంది. "దయ మీద" అన్న దగ్గర ఆగి, "దయ అని వద్దు, పిల్లలు ఆ మాట వాడరు" అని తనలో తను అనుకుని కొట్టేసింది.

కుక్క కథ వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. రైల్వే స్టేషన్లో కుక్కని కట్టేసి ఉంచుతారు. దాని యజమాని దూరం వెళ్లాడు. అది వచ్చేపోయే వాళ్లందరి మీదా మొరుగుతూనే ఉంటుంది. ఒక సాయంత్రం రైలు దిగి యజమాని వస్తాడు. కుక్క మొరగడం ఆపేసి, పొట్ట నేలకానించి అతని కాళ్ల దగ్గర పడుకుంటుంది.

"ఎందుకు మొరగడం ఆపింది?"

ఈసారి అక్క ఆలోచించలేదు. "కొట్టేవాడొచ్చాడు కదా" అంది.

మెట్ల మీద బావ బూట్ల చప్పుడు వినపడితే అక్క చెప్తున్న మాట సగంలో ఆగిపోవడం నేను ఎన్నోసార్లు చూశాను. అదే ఇంట్లో ఉంటున్న అత్త చూడకుండా ఉంటుందా? ఆవిడ అక్క మొహాన్ని చూసింది, అక్క మోచేతి మీద కమిలిన మచ్చని చూసింది. తల వంచుకుని, "కొట్టే మనిషి వచ్చినందుకు" అని రాసుకుంది. కింద ఒక గీత కూడా గీసింది.

ఆ తర్వాత ఆఫీసు పెద్దాయన ఫోన్ చేశాడు. అత్తకి చెవి కాస్త మందగించిందని స్పీకర్లో పెట్టి మాట్లాడేది. "మేడం, అద్భుతమండీ! కొన్ని స్కూళ్లలో పిల్లల మీద పెట్టి చూశాం. అర్థం కానివాళ్లంతా వరసగా మీ తప్పుల మీదే వాలారు, బెల్లం మీద ఈగల్లాగా. ఎక్కడ దొరుకుతాయండీ మీకివి?"

"పెరటి చెట్టు మందుకి పనికిరాదంటారు గానీ," అంది అత్త, "నాకు ఇంట్లోనే కాస్తున్నాయండీ."

ఇద్దరూ నవ్వుకున్నారు. అక్క అప్పుడు మేడమీద బట్టలు ఆరేస్తోంది.

నాకు అసలు విషయం అర్థమవుతూ వచ్చింది. అక్క అన్నీ తప్పులే చెప్పేది కాదు. మధ్యమధ్యలో సరైనవీ చెప్పేది. అప్పుడు అత్త మొహం కుళాయి కట్టేసినట్టు అయ్యేది. "ఊఁ" అని కాగితం తిప్పేది. టీ కప్పు జరిగేది కాదు. రాన్రానూ అక్క సరైనది నోటిదాకా వచ్చినా మింగేసి ఇంకేదో వెతికి చెప్పడం మొదలుపెట్టింది. అత్త మొహంలో వెలుగు ఎటువైపు చెప్తే వస్తుందో అటు పోతోంది. తను బాగుపడుతున్నానని అనుకుంటోంది.

ఒకరోజు అక్క గిన్నెలు తుడుస్తుంటే పక్కన నిలబడి చెప్పాను. నాకు మాట పెగలడం కష్టం. "అక్కా... సరైనవి ఆవిడ రాసుకోదు."

"ఏంటే?"

"నువ్వు సరిగ్గా చెప్పినవి రాసుకోదు. తప్పు చెప్పినవే రాసుకుంటుంది. పరీక్షలో తప్పుల కింద పెట్టడానికి."

అక్క చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. తర్వాత నవ్వేసింది. "ఓసి పిల్లా, నీకు కుళ్లే! నిన్ను కూడా కూర్చోబెట్టమని అత్తయ్యకి చెప్తాలే." అన్నంత పనీ చేసింది. ఆ మధ్యాహ్నమే బల్ల దగ్గర కూర్చుంటూ, "అత్తయ్యా, మన మూగమ్మ ఏమంటోందో విన్నారా? మీరు నా తప్పులే రాసుకుంటారట" అంది.

అత్త నన్ను చూడలేదు. కలం మూత తీసి, కాగితం సరిచేసుకుంది. "నేను ఎవరి మాటైనా ఊరికే రాసుకునే మనిషినా, అమ్మాయ్?"

"అదే నేనూ అన్నాను!" అంది అక్క.

"కందకి లేని దురద కత్తిపీటకెందుకట?" అంది అత్త. అప్పుడు నావైపు తిరిగింది. "రేపటినుంచి బట్టలు లోపల మడతపెట్టుకో. ఇక్కడ వెలుతురుకి అడ్డం."

ఆ తర్వాత ముందు గదిలో మాటలు వంటింట్లోకి సగం సగం వినపడేవి. అక్క గొంతూ, అత్త నవ్వూ.

పరీక్ష రోజు అక్క కొత్త పెన్ను జేబురుమాల్లో చుట్టుకుంది. గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ, "అత్తయ్యా, ఒక్క మాట చెప్పండి" అంది.

అత్త పేపరు చదువుతోంది. అప్పుడు చెప్పవచ్చు. "ఇన్నాళ్లూ నాతో చెప్పినట్టు అక్కడ రాయకు" అంటే చాలు. అత్త పెదవి ఒకసారి కదిలింది కూడా. నేను వంటింటి గుమ్మంలోంచి చూస్తున్నాను.

"పేరా రెండుసార్లు చదువు" అంది.

"అంతేనా?"

"అంతే."

సాయంత్రం అక్క మెట్లన్నీ పరుగెత్తుకుంటూ వచ్చింది. బావ కూడా అప్పుడే వచ్చి సోఫాలో కూర్చున్నాడు. అక్క అతన్ని పట్టించుకోకుండా తిన్నగా అత్త దగ్గరకి పోయి చేతులు పట్టేసుకుంది.

"అత్తయ్యా, మన పేరాలే వచ్చాయి! గడియారాల ముసలాయన, బస్సు, కుక్క! కింద చూస్తే నా మాటలే! అచ్చు నేనన్నట్టే! నా మాటలు అచ్చేశారు అత్తయ్యా, అంతమంది పిల్లల ముందు! నాకు కళ్లలో నీళ్లొచ్చేశాయి. ఇంక పేరా చదవడమెందుకు? అన్నిటికీ నావే టిక్కు పెట్టేసి, అందరికంటే ముందు లేచొచ్చాను."

అత్త చేతులు వెనక్కి తీసుకుంది.

"ఏం పేరా? ఏం టిక్కు?" అన్నాడు బావ.

అక్క వరసగా చెప్పింది. గడియారం దగ్గర బావ పకపకా నవ్వాడు. "ఓసి మొద్దూ, ముసలాయన ఎందుకో పేరాలోనే చెప్పాడు కదే! గంట వినడానికి!" బస్సు దగ్గర ఇంకా గట్టిగా నవ్వాడు. "మొక్కలు చేతిలో పెట్టుకుని రుణమా? అమ్మా, వింటున్నావా నీ శిష్యురాలి తెలివి?"

"ఇక ఆ కుక్క?" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. "కుక్కకేమని పెట్టావ్?"

అక్క చెప్పింది. అలవాటుగా, నవ్వు మొహంతోనే చెప్పింది.

బావ నవ్వు ఆగిపోయింది. "కొట్టేవాడా? పేరాలో ఎవరు కొట్టారే దాన్ని?"

అక్క పేరాని గుర్తుచేసుకుంటున్నట్టు పైకి చూసింది. కొట్టడం ఎక్కడా లేదు. పెదవులు కదులుతున్నాయి. ఒక్కో వాక్యం వెతుక్కుంటోందని తెలుస్తూనే ఉంది. గడియారాల దగ్గరికి వెళ్లి, బస్సు దగ్గరికి వెళ్లి, మళ్లీ కుక్క దగ్గరికి వచ్చింది. మెల్లగా అత్తవైపు తిరిగింది.

"అత్తయ్యా, మీరు రాసుకున్నారు కదా."

"రాసుకున్నాను" అంది అత్త. "సరైనదని ఎప్పుడైనా చెప్పానా?"

"టీ ఇచ్చేవారు..."

"టీ తాగినందుకు మార్కులేస్తారా అమ్మాయ్? పేరా రెండుసార్లు చదవమన్నాను. ఒక్కసారైనా చదివావా?"

అందులో అబద్ధం లేదు. మా అత్త అబద్ధమాడదు.

బావ లేచి అక్క పక్కకి వచ్చి నిలబడ్డాడు. గొంతు పెంచలేదు. "ఇంటి గుట్టు ఊరందరి ముందూ పరీక్ష కాగితంలో పెట్టొచ్చావన్నమాట" అన్నాడు. "లోపలికి పద." అక్క వెళ్లింది. తలుపు పడింది. అత్త టీవీ పెట్టి, సౌండు పెంచింది.

ఫలితాలొచ్చినప్పుడు అక్క లెక్కల్లో గట్టెక్కింది, సైన్సులోనూ గట్టెక్కింది. చదివి అర్థం చేసుకునే పేపరు ఒక్కటే పోయింది. ఆ ఒక్కటి పోతే అన్నీ పోయినట్టే. వయసు హద్దు దాటిపోయింది. నర్సు కోర్సు దరఖాస్తు కోసం దాచుకున్న ఫొటోలు అక్క డబ్బాలోంచి తీసి చూసుకుని, మళ్లీ డబ్బాలోనే పెట్టేసింది. రోజూ పొద్దున్న బావతో పాటు డ్రైవింగ్ స్కూలుకి వెళ్లి ఫోన్లెత్తడం మొదలుపెట్టింది. "హలో" తప్ప ఇంకో మాట నేర్పినట్టు లేదు. కూరగాయలతో మాటలు ఆగిపోయాయి. ఆరేసిన బట్టలతో కూడా.

ఆఫీసు నుంచి కొత్త పేరాలు కావాలని కబురొచ్చింది. ఒక సెలవు రోజు అత్త బల్ల సర్దుకుని, "అమ్మాయ్, రా" అని పిలిచింది. ఏమీ జరగనట్టే. అక్క వచ్చి కూర్చుంది. నేను మెల్లగా వంటింటి గుమ్మం దాకా వచ్చాను. ఈసారి వెలుతురుకి అడ్డమని ఎవరూ అనలేదు.

కొత్త పేరా ఒక వంటమనిషి గురించి. పెద్ద హాస్టల్లో అందరికీ వండి, తను మాత్రం ఆఖరున మాడిన అడుగు గీక్కుని తింటుంది. పిల్లలు ఎందుకని అడిగితే, చిన్నప్పుడు అమ్మ తనకి ఆ మాడు పెట్టేదని, ఆ రుచి ఇంకెక్కడా లేదని చెబుతుంది.

అక్క పైకి చదివింది. రెండుసార్లు చదివింది.

"మాడు ఎందుకు తింటుంది?"

"చిన్నప్పుడు వాళ్లమ్మ పెట్టిన రుచి అందులో ఉంది కాబట్టి."

"ఊఁ." అత్త కలం కదలలేదు. తర్వాతి ప్రశ్న అడిగింది. అక్క మళ్లీ సరిగ్గా చెప్పింది. ఇంకోటి అడిగింది. అదీ సరిగ్గానే. వేలు పేరా మీద పెట్టి, ఏ వాక్యంలో ఉందో చూపించి మరీ చెప్పింది. ఆ స్కూల్లో అత్త పాఠం చెప్పిన అన్నేళ్లలో అంత సరిగ్గా చెప్పిన పిల్ల ఉండి ఉండదు.

"అది కాదమ్మాయ్" అంది అత్త, గొంతు తగ్గించి, బుజ్జగిస్తున్నట్టు. టీ కప్పు ముందుకి జరిపింది. "పేరా సంగతి వదిలెయ్. చదవగానే నీ లోపల ఏమనిపించింది? అందరికీ పెట్టి తను మాడు తింటోంది కదా. ఎందుకంటావ్?"

అక్క కప్పు వంక చూసింది. ముట్టుకోలేదు. "పేరాలో ఏముందో అదే అనిపించింది అత్తయ్యా."

"ఇంకేమీ అనిపించలేదా?"

"లేదు."

అత్త కుర్చీలో వెనక్కి వాలింది. "పాడైపోయావు" అంది. కోపంగా కాదు. పాలు విరిగాయని చెప్పినట్టు చెప్పింది.

అప్పుడే ఫోన్ మోగింది. ఆఫీసు పెద్దాయన. "మేడం, పేరాలు ఎంతదాకా వచ్చాయండీ? ముఖ్యంగా మీ తప్పుల కోసం చూస్తున్నాం."

"ఈ చెట్టు కాపు అయిపోయిందండీ" అంది అత్త. తల తిప్పి గుమ్మంలో ఉన్న నావైపు చూసింది. ఆ చూపు నాకు తెలుసు. లిఫ్టు చెడిన రోజు అక్క మొహం మీద పడిన చూపే. "ఇంట్లో ఇంకో మొక్క ఉంది. నోరు విప్పదు. చూద్దాం."

అక్క లేచి, తాగని టీ కప్పు తీసుకుని వంటింట్లోకి వచ్చింది. టీ తొట్లో పారబోసి కప్పు కడిగింది. వెనక నుంచి అత్త, "అమ్మాయ్, ఇలా వచ్చి కూర్చో" అని పిలిచింది. ఆ పిలుపు ఈసారి నాకు.

అక్క తడి చేతులు కొంగుకి తుడుచుకుని, నా భుజం పట్టుకుని దగ్గరకి లాక్కుంది.

"అన్నీ సరిగ్గా చెప్పెయ్" అంది నా చెవిలో. "రాసుకోదు."